ఏడో తరగతికే పదో తరగతి లెక్కలు: మన పిల్లలకి ఏ దారి సరిపోతుంది?

ఫిబ్రవరి దాటిందంటే మా వీధిలోకి అడ్మిషన్ల కోసం ప్రైవేటు బడుల పీఆర్వోలు దిగుతారు. ఒక చేతిలో పాంప్లెట్ల కట్ట, ఇంకో చేతిలో ఫోన్. ఆరో తరగతికి వచ్చే పిల్లలు ఏ ఇంట్లో ఉన్నారో మాకంటే వాళ్లకే బాగా తెలుసు. కావలిలో మా గేటుకి లెక్కల ట్యూషన్ బోర్డు ఉంది కాబట్టి, వాళ్లు అటు వెళ్లగానే తల్లిదండ్రులు ఇటు వస్తారు.

"సార్, మావోడు ఆరుకొస్తన్నాడు. ఫౌండేషన్‌లో వెయ్యాలా, మామూలు సెక్షన్ చాలా? నెల్లూరు హాస్టల్‌కి పంపమంటన్నారు. ఒంగోల్లో ఇంకోటి బాగుందంటన్నారు. మీరేమంటారు?"

ఫౌండేషన్ అంటే ఐఐటీ పేరు చెప్పి పైతరగతుల లెక్కలు ముందే చెప్పే సెక్షన్. పదహారేళ్లుగా ఇదే ప్రశ్న. నేను ఏ బడి పేరూ చెప్పను. "పిల్లోణ్ణి ఓసారి తీసుకురండి, మాట్లాడదాం" అంటాను. సగం మంది తీసుకురారు. వాళ్లు అప్పటికే అడ్వాన్సు కట్టేసి, నా నోటితో ఔననిపించుకుందామని వచ్చినవాళ్లు. మిగతా సగం మందికి నేను చెప్పే సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

అసలు ముందుకెళ్తే ఏమొస్తుంది?

చాలా ఇళ్లలో ఈ టెన్షన్ అమెరికా నుంచి వచ్చే ఫోన్‌తో మొదలవుతుంది. "మా పిల్ల ఏడులోనే ఆల్జీబ్రా వన్ చేస్తోంది అక్కా" అంటుంది అక్కడి చెల్లెలు. ఇక్కడ అక్కకి ఆ రాత్రి నిద్ర పట్టదు.

అక్కడ అది నిజంగానే పెద్ద విషయం. హైస్కూల్లో వాళ్ల లెక్కలు చాలాచోట్ల విడివిడి కోర్సులుగా ఉంటాయి. ఆల్జీబ్రా వన్, జామెట్రీ, ఆల్జీబ్రా టూ, ప్రీకాలిక్యులస్, ఆ తర్వాతే కాలిక్యులస్. ఏడాదికొకటి చొప్పున 9లో మొదలుపెట్టినవాళ్లు 12 అయ్యేసరికి ప్రీకాలిక్యులస్ దగ్గర ఆగిపోతారు. 8లో మొదలుపెడితే కాలిక్యులస్ అందుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2014లో 8వ తరగతి నుంచి ఆల్జీబ్రా వన్ తీసేస్తే ఆ గొడవ ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 2024 మార్చిలో ఓటింగ్ పెడితే, మళ్లీ పెట్టాల్సిందేనని జనం గట్టిగా చెప్పారు. ఒక్క ఏడాది తేడాకి అంత పట్టుదల ఎందుకంటే, ఆ ఏడాది దాటిపోతే పైమెట్టు అందదు.

మన సిలబస్ అలా కట్టలేదు. బీజగణితం ఆరో తరగతిలోనే మొదలవుతుంది. ఏడులో సామాన్య సమీకరణాలు, ఎనిమిదిలో ఏక చరరాశిలో రేఖీయ సమీకరణాలు, తొమ్మిదిలో రెండు చరరాశులు, పదిలో వర్గ సమీకరణాలు, త్రికోణమితి. రేఖాగణితం ప్రతి ఏడూ దాని పక్కనే నడుస్తుంది. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న ప్రతి పిల్లకీ ఫస్టియర్‌లోనే డిఫరెన్షియేషన్, అంటే కాలిక్యులస్ మొదటి పాఠాలు, చెబుతారు. ఆరో తరగతిలో టెక్నో సెక్షన్‌లో కూర్చున్నా చెబుతారు, పంచాయతీ ఆఫీసు పక్కనున్న జెడ్పీ హైస్కూల్లో కూర్చున్నా చెబుతారు. జేఈఈ మెయిన్ లెక్కల సిలబస్ కూడా ఇంటర్ రెండేళ్లదే.

కాబట్టి మనవాడు ఏడులో రెండేళ్లు ముందున్నా కొత్తగా తెరుచుకునే తలుపు ఏదీ లేదు. మనకి దొరికేది ఒకే పాఠం మూడుసార్లు వినే అవకాశం. త్రికోణమితిని 8లో ఒకసారి, 9లో ఒకసారి, 10లో పబ్లిక్ పరీక్ష కోసం ఇంకోసారి వింటారు. కొందరు పిల్లలకి అది బాగా పనికొస్తుంది. కొందరికి మొదటిసారే అర్థంకాక, తర్వాతి రెండుసార్లూ "ఇది నాకు రాదు" అన్న ముద్ర గట్టిపడుతుంది.

ఫౌండేషన్ సెక్షన్, రోజూ ఇంటి నుంచి వెళ్లొచ్చేది

ఐఐటీ ఫౌండేషన్, టెక్నో, కాన్సెప్ట్... బోర్డు మీద పేరు ఏదైనా లోపల నడక దాదాపు ఒకటే. రోజూ రెండు లెక్కల పీరియడ్లు, సాయంత్రం స్టడీ అవర్, వారానికో బిట్ టెస్ట్, నెలనెలా ర్యాంకును బట్టి సెక్షన్ మార్చడం. బడి పుస్తకం ఒకటి, మెటీరియల్ ఇంకొకటి. ఇందులో మంచి లేదనను. లెక్కలంటే ఇష్టమున్న పిల్లకి తనలాంటివాళ్లు ఇంకో ముప్పై మంది పక్కన దొరుకుతారు. ఓఎంఆర్ షీట్ అంటే భయం పోతుంది. అదృష్టం బాగుండి మంచి మాస్టారు తగిలితే చెప్పక్కర్లేదు.

గతేడాది ఏడో తరగతి అబ్బాయి ఒకడు నా దగ్గరికి వచ్చాడు. ఫౌండేషన్ పిల్లాడు, సంచిలో నాలుగు మెటీరియల్ పుస్తకాలు. వర్గ సమీకరణం వచ్చా అంటే కళ్లు మూసుకుని "మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, రూట్ ఆఫ్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, బై టూ ఏ" అని మంత్రంలా అప్పజెప్పాడు. లెక్క ఇస్తే తప్పులేకుండా చేశాడు కూడా.

తర్వాత నేనడిగాను. "ముప్పావు లీటరు పాలున్నాయిరా. అర లీటరు పట్టే చెంబుతో కొలిస్తే ఎన్ని చెంబులవుతాయి?"

3/4 ని 1/2 తో భాగించాలని రాశాడు. తిరగేసి గుణించాడు. 6/4 వచ్చింది, కొట్టేసి 3/2 చేశాడు.

"అంటే ఎన్ని చెంబులు?"

"త్రీ బై టూ సార్."

"అదే, ఎన్ని? ఒకటా, రెండా, మూడా?"

నోట్‌బుక్ వైపు చూశాడు. ఫ్యాన్ వైపు చూశాడు. వంటింట్లోంచి మా ఆవిడ "ఒకటిన్నర రా నాయనా" అంది. ఆమె పదో తరగతితో చదువు ఆపేసింది, కానీ రోజూ పాలు కొలుస్తుంది.

ఆ పిల్లాడికి తెలివి తక్కువేం కాదు. ఆరో తరగతి భిన్నాల దగ్గర ఇంకో నెల ఆగాల్సింది. సిలబస్ పరుగులో ఎవరూ ఆగలేదు, అంతే.

ఇంకొకరి బిడ్డ గురించి చెప్పడం తేలిక. మా పెద్దమ్మాయి విషయంలో నేనూ ఇదే చేశాను. ఎక్కాలు చకచకా చెప్పేదని, పెళ్లిళ్లలో పేరంటాల్లో దాన్ని నిలబెట్టి చెప్పించేవాణ్ణి. ఆరులోనే ఫౌండేషన్‌లో వేశాను. ఏడాదిన్నరలో మొదటి సెక్షన్ నుంచి మూడో సెక్షన్‌కి వచ్చింది. ఇంట్లో లెక్కల మాట ఎత్తడం మానేసింది. ఒకరోజు లంచ్ బ్యాగ్ కడగబోతే అట్టకింద మడిచిపెట్టిన స్లిప్ టెస్టులు దొరికాయి. పదకొండు. నాకు చూపించడానికి భయపడి దాచుకుంది, లెక్కల మాస్టారి కూతురు! ఎనిమిదిలో మామూలు సెక్షన్‌కి మార్చాం. భిన్నాల నుంచి మళ్లీ మొదలుపెట్టి ఆరు నెలలు కూర్చుంటే గానీ "ఎందుకు నాన్నా?" అని అడగడం తిరిగి రాలేదు. ఆ బడిని నేనేమీ అనను. ఫారం మీద సంతకం పెట్టింది నేనే.

హాస్టల్ సంగతి

నెల్లూరుకి ఈ కోచింగ్ చదువులతో పాత సంబంధం ఉంది. ఇవాళ ఎన్నో రాష్ట్రాల్లో కనిపించే నారాయణ సంస్థలు 1979లో నెల్లూరులో చిన్న కోచింగ్ సెంటరుగా మొదలైనవే. అందుకని మన వైపు ఆరో తరగతి పిల్లని హాస్టల్‌కి పంపడం ఎవరికీ వింతగా అనిపించదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 6, 7, 8 తరగతుల్లో కేవలం లెక్కల కోసమని హాస్టల్‌కి పంపక్కర్లేదు. ఆ మూడేళ్ల లెక్కల్లో ఇంటి దగ్గర దొరకనిదేదీ లేదు. ఇంటి పరిస్థితుల వల్ల పంపడం వేరు. రొయ్యల చెరువుల దగ్గర రాత్రిళ్లు కాపలా ఉండేవాళ్లు, పొగాకు సీజన్‌లో బ్యారన్ దగ్గరే పడుకునేవాళ్లు, బెంగళూరులో పనిచేస్తూ పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలినవాళ్లు, వీళ్లు హాస్టల్ గురించి ఆలోచించడంలో అర్థముంది. కానీ అప్పుడు చూడాల్సింది అన్నం, నిద్ర, వార్డెన్, ఆడుకునే స్థలం. ర్యాంకుల ఫ్లెక్సీ కాదు. ఒక్క ప్రశ్న మాత్రం లెక్కల గురించి అడగండి: "రాత్రి స్టడీ అవర్లో డౌట్ వస్తే చెప్పడానికి లెక్కల మాస్టారు ఉంటారా, వార్డెన్ ఒక్కడే ఉంటాడా?"

ఒలింపియాడ్ అన్న మాటతో జాగ్రత్త

ఈ ఒక్క మాట దగ్గర మన తల్లిదండ్రులు పోగొట్టుకునే డబ్బు అంతా ఇంతా కాదు. ఒకే పేరుతో మూడు వేరు వేరు సరుకులు తిరుగుతున్నాయి.

మొదటిది, సెక్షన్ పేరు. "ఒలింపియాడ్ బ్యాచ్" అంటే చాలాచోట్ల ఫౌండేషన్‌కే ఇంకాస్త పెద్ద ఫీజు. రెండోది, ఒకటో తరగతి నుంచే పిల్లలతో రాయించే ప్రైవేటు పరీక్షలు. బడిలోనే ఫీజు కట్టించుకుంటారు, మెడల్ ఇస్తారు, ఫొటో తీస్తారు. సరదాకి ఒకసారి రాయిస్తే నష్టం లేదు. గోడకి వేలాడే మెడళ్లని చూసి పిల్ల స్థాయి అంచనా వేస్తేనే ఇబ్బంది.

మూడోది అసలుది, అంతర్జాతీయ లెక్కల పోటీకి మన దేశం తరఫున పిల్లల్ని ఏరేది. దాని మొదటి మెట్టు ఐఓక్యూఎం. లెక్కల టీచర్ల సంఘం నిర్వహిస్తుంది, వెనక హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం ఉంది. 8వ తరగతి నుంచి రాయవచ్చు. మూడు గంటలు, 30 ప్రశ్నలు, 100 మార్కులు. నాలుగు ఆప్షన్లు ఇచ్చి గుర్తుపెట్టమనరు, జవాబుగా 00 నుంచి 99 లోపు సంఖ్య రాయాలి. దాటినవాళ్లకి ప్రాంతీయ స్థాయిలో ఆర్ఎంఓ, ఆ తర్వాత దేశ స్థాయిలో ఐఎన్ఎంఓ. ఆర్ఎంఓలో మూడు గంటలకి ఆరే లెక్కలు, సాధన అంతా రాయాలి. సంఖ్యా సిద్ధాంతం, బీజగణితం, జ్యామితి, లెక్కించే పద్ధతులు అడుగుతారు. కాలిక్యులస్ అక్కర్లేదు.

ఇక్కడే గమనించాలి. దేశంలో లెక్కల్లో అందరికంటే గట్టి పిల్లల్ని ఏరే పరీక్ష పైతరగతి పాఠాలు ముందే వచ్చా అని అడగడం లేదు. తెలిసిన పాఠంలోనే ఎంత లోతుకి దిగగలవని అడుగుతోంది. ఉదాహరణకి, 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లో 2 తో గానీ 5 తో గానీ భాగించబడనివి ఎన్ని? ఆరో తరగతి భాజనీయతా సూత్రాలు చాలు. చివరి అంకె 1, 3, 7, 9 అయితేనే కుదురుతుంది. పది పదుల్లో నాలుగేసి, మొత్తం 40. ఒక పిల్ల వందా రాసుకుని ఒక్కొక్కటి కొట్టేస్తుంది. ఇంకో పిల్ల చివరి అంకె చాలని పట్టుకుంటుంది. రెండో పిల్లకి ఏ సెక్షన్ అయినా పర్వాలేదు, అసలు ఒలింపియాడ్ పాత పేపర్లు ఇవ్వండి, ఉచితంగా దొరుకుతాయి. ఐఓక్యూఎంలో రాలేదని బాధపడక్కర్లేదు. ఎనిమిదిలో రాసే పిల్లలు ఇంటర్ వాళ్లతో కలిసి రాస్తారు, ఆ వయసుకి నాలుగైదు లెక్కలు సొంతంగా తేలినా నేనైతే మెచ్చుకుంటాను.

సర్కారు బడి పిల్లలకి ఉన్నవి

ప్రైవేటుకి మార్చే ముందు ఎన్ఎంఎంఎస్ సంగతి తెలుసుకోండి. కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ కోసం 8వ తరగతిలో రాసే పరీక్ష. మెంటల్ ఎబిలిటీ 90 బిట్లు, సబ్జెక్టులవి 90. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలకే, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఏడులో ఫౌండేషన్ అని ప్రైవేటుకి మార్చామా, ఈ దారి మూసుకున్నట్టే. పీఆర్వో ఈ సంగతి చెప్పడు. దాని కోసం చేసే సాధన కూడా తక్కువదేం కాదు, సంఖ్యా శ్రేణులు, అక్షరాల కోడింగ్, బొమ్మల బిట్లు పిల్లల్ని నిజంగా ఆలోచింపజేస్తాయి.

కేంద్రం నడిపే హాస్టల్ బడి నవోదయకి ఈ తరగతుల పిల్లలకి రెండు తలుపులున్నాయి. ఐదులో ఉండగా రాస్తే ఆరులో సీటు. 80 ప్రశ్నలకి 100 మార్కులు, అందులో 40 ప్రశ్నలు మెంటల్ ఎబిలిటీ, 20 అంకగణితం. అది పోయినా ఎనిమిదిలో ఉండగా ఖాళీల్ని బట్టి తొమ్మిదిలో చేరడానికి ఇంకో పరీక్ష ఉంది, 100 మార్కుల్లో లెక్కలకి 35. ఒంగోలులో ఒక నవోదయ, నెల్లూరు జిల్లా కృష్ణాపురంలో ఒకటి ఉన్నాయి. ఎవరైనా హాస్టల్ చదువే కావాలంటే నేను ముందు దీన్ని రాయించమంటాను.

అబాకస్, వేదిక్ మ్యాథ్స్ ఈ లెక్కలోకి రావు. చేతివేగం పెంచుతాయి, అంతే. ఫోన్ యాప్‌లు సొంతంగా కూర్చునే పిల్లకి బాగుంటాయి. కూర్చోని పిల్లకి అవి ఇంకో ఫోన్ గంట.

ఆదివారం అరగంట, మూడు ప్రశ్నలు

ఏ దారి ఎంచుకోవాలో తేల్చడానికి నేను ఇంటికొచ్చిన పిల్లల్ని అడిగేవి ఇవే. మీరే అడగవచ్చు. టైమ్ పెట్టొద్దు, పక్కన ఫోన్ వద్దు, మధ్యలో మీరు నోరు తెరవొద్దు. నోరు తెరవకుండా ఉండటమే అన్నిటికంటే కష్టం.

ఒకటి. పుట్టి వడ్లు 19,550 రూపాయలకి అమ్మారు. నెల్లూరు పుట్టి 850 కిలోలు. క్వింటాలు ఎంత పడింది? జవాబు 2,300.

రెండు. 1 నుంచి 100 వరకు అన్ని సంఖ్యలూ రాస్తే 9 అనే అంకె ఎన్నిసార్లు రాస్తాం? జవాబు 20. పది అనీ పంతొమ్మిది అనీ చాలామంది చెబుతారు.

మూడు. 3/5 కీ 4/5 కీ మధ్య ఇంకో భిన్నం ఉందా? 7/10 చెబితే, ఇంకోటి చెప్పమనండి. తర్వాత, మొత్తం ఎన్ని ఉండొచ్చని అడగండి.

జవాబు ఒప్పా తప్పా అన్నది నేను పెద్దగా చూడను. పుట్టి లెక్క వినగానే "గుణించాలా, భాగించాలా నాన్నా?" అంటే, ఆ పిల్లకి ఇప్పుడు కావలసింది సొంత తరగతి పాఠాలు నిదానంగా చెప్పే మనిషి. ఫౌండేషన్‌లో వేస్తే అదే అయోమయం ఇంకాస్త బరువైన పుస్తకంలో దొరుకుతుంది. తప్పు చేసి, మీరు చెప్పకుండానే "ఆగు, 99లో రెండుసార్లు ఉంది కదా" అని తనే దిద్దుకుంటే, బాగున్నట్టే. మామూలు సెక్షన్, దానికి తోడు వారానికి రెండు రోజులు కఠినమైన లెక్కలు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ఎగ్జెంప్లర్ పుస్తకంలోని లెక్కలే చాలు. ఇక అన్నీ చేసేసి "వెయ్యి దాకా అయితే ఎన్ని తొమ్మిదులు?" అని ఎదురడిగే పిల్ల ఉంటుంది చూశారా (300, మీరు ముందే లెక్కపెట్టుకోండి, లేకపోతే పరువు పోతుంది), ఆ పిల్లకి ఫౌండేషన్ అయినా ఒలింపియాడ్ అయినా ధైర్యంగా పెట్టండి. బడిలో సొంత తరగతి పాఠం తనకి నిద్ర తెప్పిస్తోందన్నమాట.

ఒక మాట. కొడుకుని ఫౌండేషన్‌లో, కూతుర్ని మామూలు సెక్షన్‌లో వేసిన ఇంటికి కిందటేడు వెళ్లాను. ఇద్దర్నీ ఇవే అడిగాను. వెయ్యి దాకా ఎన్ని అని అడిగింది కూతురు.

ఏ తరగతిలో ఏం చేస్తానంటే

ఆరులో ఎవరినీ ఎక్కడికీ మార్చను. భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి, పూర్ణ సంఖ్యలు, ఈ నాలుగూ గట్టిగా వస్తే పై తరగతుల్లో కష్టపడేది సగం తగ్గుతుంది. ఇంట్లో పైసా ఖర్చు లేకుండా చేయించుకోవచ్చు. కూరగాయల చీటీ, కరెంటు బిల్లు, బైకు మైలేజీ చాలు.

ఏడు చివర్లో పై మూడు ప్రశ్నల్లాంటివి మళ్లీ అడుగుతాను. ఫౌండేషన్‌లో వెయ్యాలంటే ఎనిమిదిలో వేస్తాను, అదీ ఇంటి నుంచి వెళ్లొచ్చేది. రెండేళ్లు ఆలస్యంగా చేరితే అందుకోలేరంటారు, అది అడ్మిషన్ కౌంటర్ మాట. భిన్నాలూ సమీకరణాలూ చేతిలో ఉన్న పిల్లలు ఒక్క టర్మ్‌లో అందుకోవడం నా ట్యూషన్‌లోనే చాలాసార్లు చూశాను.

చేర్చే ముందు బడికి వెళ్లినప్పుడు ఏసీ క్లాసురూము చూపిస్తారు, చూడండి. తర్వాత అదే సెక్షన్‌లో చదువుతున్న ఏ పిల్లదైనా రఫ్ నోట్‌బుక్ ఒకటి చూపించమనండి. ఫెయిర్ నోట్స్ వద్దు. రఫ్ బుక్‌లో కొట్టివేతలు, బొమ్మలు, తప్పుదారిలో సగం దాకా వెళ్లి ఆగిన లెక్కలు కనిపిస్తే అక్కడ పిల్లలు ఆలోచిస్తున్నారు. పేజీ నిండా బోర్డు మీది సాధనలే ముత్యాల్లా ఉంటే, అసలు రఫ్ బుక్కే లేదంటే, ఫీజు గురించి మాట్లాడకుండా బస్సెక్కి వచ్చేయండి.